కోర్సు పూర్తయింది, ఆయాసం ఎందుకు పోలేదు?

విజయవాడ వన్‌టౌన్‌లోనో, మొగల్రాజపురంలోనో కొండవాలున ఉండే ఇళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. రోడ్డు మీద ఆటో దిగాక ఇంటికి మెట్లే దారి. నీళ్ల బిందె, గ్యాస్ బండ, నెలవారీ బియ్యం అన్నీ ఆ మెట్ల మీదుగానే పైకి చేరాలి.

అలాంటి ఒక ఇంట్లో ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు నలభై రెండు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. రెండేళ్ల కిందట ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ఆరు నెలలు ఒక్కరోజు కూడా మానకుండా మందులు మింగాడు. ఆఖరి కళ్లె పరీక్షలో క్రిమి కనపడలేదు. జబ్బు తగ్గిపోయింది, ఇక మందులు అక్కర్లేదని చెప్పి పంపించారు.

కానీ ఒకప్పుడు ఒక్క ఊపులో ఎక్కిన మెట్లను ఇప్పుడు రెండుచోట్ల ఆగితే గాని ఎక్కలేకపోతున్నాడు. పొద్దున్నే లేవగానే దగ్గు, కళ్లె. చలికాలంలో ఛాతీలో పిల్లికూతలు. ఇంటిల్లిపాదికీ ఒకటే భయం. "మళ్లీ తిరగబెట్టిందేమో."

ఈ వ్యాసం ఆ భయం గురించి. కొందరిలో టీబీ నిజంగానే తిరగబెడుతుంది. అందుకే పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ చాలామందిలో ఆ ఆయాసానికి కారణం కొత్త జబ్బు కాదు, పాత జబ్బు చేసిపోయిన నష్టం. క్రిమి చావడం ఒక సంగతి. ఊపిరితిత్తి కోలుకోవడం ఇంకో సంగతి. మొదటిది జరిగిందో లేదో పరీక్ష చేసి చూస్తున్నాం. రెండోదాన్ని చాలాసార్లు కొలవడమే లేదు.

ఛాతీలోని కాలువలూ పొలాలూ

ఊపిరితిత్తి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి కృష్ణా డెల్టాలో ఉండేవాళ్లకు దగ్గరి పోలిక ఒకటి ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆపిన నీరు ప్రధాన కాలువల్లోకి మళ్లుతుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నడిబొడ్డు నుంచే బయలుదేరతాయి. వాటి నుంచి పిల్ల కాలువలు, పిల్ల కాలువల నుంచి పంట బోదెలు చీలతాయి. పంట పండేది మాత్రం పొలంలో. కాలువ పని నీళ్లు అందించడం వరకే.

ఛాతీలోనూ ఇదే ఏర్పాటు. గొంతు కింద శ్వాసనాళం రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ చీలతాయి. ఇలా సుమారు 23 సార్లు చీలాక ఆల్వియోలై (ద్రాక్షగుత్తుల్లా ఉండే సన్నటి గాలిగదులు) వస్తాయి. పెద్దవాళ్లలో ఇవి 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. వీటి గోడలన్నీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు వస్తాయని అంచనా. ఆ పల్చటి గోడకు అటు గాలి, ఇటు నెత్తురు. ఆక్సిజన్ నెత్తురులోకి పోతుంది, బొగ్గుపులుసు వాయువు గాలిలోకి వస్తుంది.

కాబట్టి ఊపిరి సాఫీగా ఆడాలంటే రెండు కుదరాలి. కాలువలు పూడిపోకూడదు. పొలం చౌడు దేరకూడదు. అంటే నాళాల్లో గాలికి అడ్డం ఉండకూడదు, గాలిగదులు మెత్తగా సాగుతూ ఉండాలి.

ఇంకో విషయం కూడా ఇక్కడే తెలుసుకోవాలి. కూర్చుని ఉన్నప్పుడు మనం ఒక్కో శ్వాసకు దాదాపు అర లీటరు గాలే తీసుకుంటాం. గుండెల నిండా పీల్చి పూర్తిగా వదిలితే మూడు, నాలుగు లీటర్లు వస్తుంది. అంటే ఊపిరితిత్తికి చాలా నిల్వ ఉంది. ఈ నిల్వ వల్లే నష్టం వెంటనే బయటపడదు. సగం నిల్వ పోయినవాడు కూడా డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చున్నప్పుడు మామూలుగానే కనిపిస్తాడు. మెట్లెక్కేటప్పుడు, బరువు ఎత్తేటప్పుడు ఒంటికి గాలి ఎక్కువ కావాలి. లోటు తెలిసేది అప్పుడే.

క్రిమి చేసే నష్టం, ఒళ్లు చేసుకునే నష్టం

టీబీ క్రిమిని జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రపంచానికి వెల్లడించాడు. అందుకే ఏటా ఆ రోజును టీబీ దినంగా జరుపుతున్నారు. జబ్బు ఉన్నవాళ్లు దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు వచ్చే అతి సన్నటి తుంపరల్లో ఈ క్రిమి ఉంటుంది. వాటిని పీల్చినవాళ్ల గాలిగదుల దాకా చేరుతుంది.

అక్కడ మాక్రోఫేజ్‌లు (పరాయి క్రిములను మింగే కాపలా కణాలు) దాన్ని పట్టుకుని మింగుతాయి. మామూలు క్రిములైతే అక్కడితో సరి. టీబీ క్రిమికి మాత్రం మింగిన కణం లోపలే బతకగల శక్తి ఉంది. అప్పుడు ఒళ్లు ఇంకో ఉపాయం చేస్తుంది. మరిన్ని కణాలను పంపి, క్రిమి చుట్టూ గోడ కడుతుంది. ఆ ముద్దను గ్రాన్యులోమా (క్రిమిని బంధించే కణాల గూడు) అంటారు. క్రిమి సోకిన వాళ్లలో ఎక్కువమందికి కథ ఇక్కడే ఆగిపోతుంది. వాళ్లకు జబ్బు రాదు.

ఆగనివాళ్లలో ఆ ముద్ద నడిమి భాగం చచ్చిపోయి జున్నుముక్కలా మెత్తబడుతుంది. తర్వాత కరుగుతుంది. దగ్గరలోని శ్వాసనాళంలోకి దారి చేసుకుని, దగ్గుతో బయటికి వస్తుంది. ఊపిరితిత్తిలో మిగిలే ఖాళీని క్యావిటీ (బొరియ) అంటారు. ఇది ఎక్కువగా ఊపిరితిత్తి పై భాగంలో పడుతుంది. గాలి బాగా ఆడే ఆ బొరియలో క్రిములు కోట్లలో పెరుగుతాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆ బొరియను తవ్వింది క్రిమి ఒక్కటే కాదు. క్రిమిని చంపడానికి వచ్చిన మన రక్షణ కణాలు కొన్ని ఎంజైములను వదులుతాయి. వాటికి ఊపిరితిత్తి అల్లికను కోసే గుణం ఉంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, క్రిమిని తరమబోయి ఒళ్లు తన కణజాలాన్నే పోగొట్టుకుంటుంది. ఇందుకు ఒక రుజువు ఉంది. హెచ్‌ఐవీ ముదిరి రక్షణ శక్తి బాగా తగ్గిపోయిన వాళ్లకు టీబీ వస్తే, ఇలాంటి బొరియలు తక్కువగా కనిపిస్తాయి. ఎదురు తిరిగే శక్తి తగ్గినచోట ఈ కోత కూడా తగ్గుతుంది.

మందులు పడ్డాక క్రిములు చస్తాయి. మంట చల్లారుతుంది. దెబ్బతిన్నచోటు మానుతుంది. చర్మం కాలి మానితే అక్కడ మచ్చ మిగిలినట్టే ఊపిరితిత్తిలోనూ మచ్చ మిగులుతుంది. మచ్చకు సాగే గుణం లేదు. ఆ మచ్చ ఎక్కడ పడింది, ఎంత మేర పడింది అన్నదాన్ని బట్టి తర్వాతి బతుకు ఉంటుంది.

మచ్చ గాలిగదుల ప్రాంతంలో పడితే అది ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడడం). ఆ మేరకు పొలం చౌడు దేరినట్టే. గాలి చేరినా అక్కడ పని జరగదు. నాళాల గోడలు లోపలి నుంచి వాచి మచ్చకడితే కాలువ పూడుతుంది. గాలి లోపలికి పోయినా బయటికి రావడం కష్టమవుతుంది. చుట్టూ ఉన్న మచ్చ నాళాలను పక్కలకు లాగితే, గోడలు బలహీనపడితే, అవి శాశ్వతంగా వెడల్పవుతాయి. దీని పేరు బ్రాంకియెక్టాసిస్ (నాళాలు సాగిపోయి కళ్లె నిలవ ఉండడం). గట్టు తెగి మడుగు కట్టిన కాలువలా అక్కడ కళ్లె నిలుస్తుంది. నిలిచిన కళ్లెలో వేరే క్రిములు చేరుతాయి. అందుకే ఏటా రెండుమూడుసార్లు జ్వరం, పసుపుపచ్చ కళ్లె. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర మందమైతే, బిగుతు చొక్కా తొడిగినట్టు ఛాతీ పూర్తిగా విచ్చుకోదు.

ఒకే మనిషిలో ఇవన్నీ కలగలిసి ఉండవచ్చు. టీబీ తర్వాత వచ్చే ఊపిరితిత్తుల జబ్బును ఆస్తమా అనో, పొగతాగేవాళ్ల జబ్బు అనో ఒకే గాటన కట్టలేకపోవడానికి కారణం ఇదే.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. టీబీకి మొదట వాడే మందులు ఈ నాలుగు. నాలుగింటి పనీ క్రిమిని దెబ్బకొట్టడమే. పోయిన గాలిగదులను తిరిగి కట్టే శక్తి వీటికి లేదు. ఇది మందుల లోపం కాదు. వాటికి అప్పగించిన పని అంతవరకే.

ఊది కొలిచే పరీక్ష

మిగిలిన ఊపిరి ఎంతో ఎక్స్‌రే చూసి చెప్పడం కష్టం. పెద్ద మచ్చ ఉన్నవాళ్లు హాయిగా నడవవచ్చు. చిన్న మచ్చ ఉన్నవాళ్లు రొప్పవచ్చు. ఎక్స్‌రే చూపేది ఆకారం. పనితనం తెలియాలంటే ఊదించాలి.

ఆ పరీక్ష పేరు స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల సత్తా కొలిచే పరీక్ష). ఇదేమీ కొత్తది కాదు. 1846లో జాన్ హచిన్సన్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఈ పరికరాన్ని వివరిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించాడు. టీబీ క్రిమి కనపడడానికి 36 ఏళ్ల ముందు మాట ఇది. క్షయ ఉన్నవాళ్లలో ఊదే శక్తి తగ్గుతుందని ఆయన అప్పుడే గమనించాడు.

చేసే పద్ధతి తేలిక. ముక్కుకు క్లిప్పు పెడతారు. గుండెల నిండా గాలి పీల్చమంటారు. గొట్టంలోకి ఒక్కసారిగా, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా, లోపలిదంతా అయిపోయేదాకా ఊదమంటారు. కనీసం మూడుసార్లు చేయిస్తారు. సూది లేదు, నెత్తురు తీయరు.

వచ్చే అంకెల్లో రెండు ముఖ్యం. మొత్తం ఎంత గాలి ఊదారన్నది ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో ఎంత వచ్చిందన్నది ఎఫ్‌ఈవీ1. మొదటిది పొలం విస్తీర్ణం లాంటిది. రెండోది కాలువ పారుదల లాంటిది.

మన ఆటోనగర్ మనిషి వయసుకు, ఎత్తుకు తగ్గట్టు మొత్తం మూడున్నర లీటర్లు, మొదటి సెకనులో 2.8 లీటర్లు రావాలనుకుందాం. అతను మొత్తం 3.2 లీటర్లు ఊదాడు, కానీ మొదటి సెకనులో 1.6 లీటర్లే వచ్చింది. అంటే సగమే. ఈ నిష్పత్తి 0.70 కన్నా తగ్గితే నాళాల్లో అడ్డం ఉన్నట్టు లెక్క. ఇది అబ్‌స్ట్రక్షన్ (గాలి బయటికి రావడానికి అడ్డు). అలా కాకుండా మొత్తమే రెండు లీటర్లు ఊది, అందులో 1.7 లీటర్లు మొదటి సెకనులోనే వచ్చేసిందనుకోండి. దారి బాగానే ఉంది, ఊపిరితిత్తే కుంచించుకుపోయింది. ఇది రెస్ట్రిక్షన్ (ఊపిరితిత్తి విచ్చుకోలేకపోవడం) కావచ్చు. దీన్ని ఖాయం చేసుకోవడానికి ఇంకో పరీక్ష కావాల్సి రావచ్చు. రెండూ ఉంటే మిశ్రమ నష్టం. ఏ రకమో తెలిస్తేనే వైద్యం తేలుతుంది. నాళాల్లో అడ్డం ఉన్నవాళ్లకు పీల్చే మందు ఉపయోగపడవచ్చు. కుంచించుకుపోయిన వాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువ.

ఒక జాగ్రత్త తప్పనిసరి. కళ్లెలో క్రిమి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయకూడదు. గట్టిగా ఊదేటప్పుడు, తర్వాత వచ్చే దగ్గులో క్రిములు గాలిలో కలుస్తాయి. పరీక్ష చేసేవాళ్లకు, తర్వాత ఆ గదిలోకి వచ్చేవాళ్లకు ముప్పు. దగ్గులో నెత్తురు పడుతున్నప్పుడు కూడా చేయరు. సరైన సమయం మందుల కోర్సు ముగిసిన రోజు, లేదా ఆ తర్వాత.

దీనికి తోడు ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంది. చదునైన వరండాలో ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచారో కొలుస్తారు. వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటరుతో నడకకు ముందు, తర్వాత ఆక్సిజన్ శాతం చూస్తారు. కోవిడ్ రోజుల్లో ఆ చిన్న పరికరం చాలా ఇళ్లకు వచ్చి చేరింది.

ఈ నష్టం ఎంతమందిలో

ఈ ప్రశ్నకు వివిధ దేశాల అధ్యయనాలు వేర్వేరు అంకెలు ఇచ్చాయి. కొలిచిన పద్ధతులు, కొలిచిన మనుషులు వేరు కాబట్టి అంకెలూ వేరుగా ఉంటాయి. కానీ దిశ ఒకటే.

2000 సంవత్సరంలో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులు 27,660 మంది మీద ఒక అధ్యయనం వెలువడింది. ఒకసారి టీబీ వచ్చి తగ్గినవాళ్లలో 18.4 శాతం మందికి ఊపిరి శాశ్వతంగా తగ్గింది. రెండుసార్లు వచ్చినవాళ్లలో అది 27.1 శాతం. మూడు, అంతకన్నా ఎక్కువసార్లు వచ్చినవాళ్లలో 35.2 శాతం. అంటే జబ్బు వచ్చిన ప్రతిసారీ ఊపిరి ఇంకొంత కోత పడుతుంది. నష్టం ఎక్కువగా జరిగేది జబ్బు బయటపడిన మొదటి ఆరు నెలల్లోనేననీ, ఏడాది తర్వాత నిలకడ పడుతుందనీ అదే అధ్యయనం చూపింది.

గనుల దుమ్ము వల్ల అలా జరిగిందేమో అనిపించవచ్చు. 2007లో అమెరికాలోని టెక్సస్‌లో గనులతో సంబంధం లేని మనుషుల మీద అధ్యయనం జరిగింది. కనీసం 20 వారాలు మందులు వాడిన టీబీ రోగుల్లో 59 శాతం మందికి ఊపిరితిత్తుల పని తగ్గింది. క్రిమి సోకినా జబ్బు రాని వాళ్లలో ఇది 20 శాతమే. ఆఫ్రికాలోని మలావీ దేశంలో 2020లో వెలువడిన అధ్యయనంలో, కోర్సు ముగించిన 405 మందిలో దాదాపు మూడోవంతు మందికి ఊదే పరీక్షలో తేడా కనిపించింది. సీటీ స్కాన్‌లో 44 శాతం మందికి నాళాలు సాగిపోయి ఉన్నాయి. వాళ్ల సగటు వయసు 35 ఏళ్లే. కుటుంబ భారం మోసే వయసు అది.

భయపెట్టడానికి చెబుతున్న అంకెలు కావివి. వీటి అర్థం సూటిగా ఉంది. టీబీ తగ్గినవాళ్లలో చాలామంది పూర్తి ఆరోగ్యంతో ఉంటారు. మందులు వాడుతున్న కాలంలోనే కొంత ఊపిరి తిరిగి వస్తుంది కూడా. వాపు తగ్గేకొద్దీ నాళాలు తెరుచుకుంటాయి. కానీ ప్రతి పదిమందిలో ఇద్దరో, ముగ్గురో, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువమందో లోటుతో మిగులుతారు. వాళ్లెవరో కొలిస్తే గాని తెలియదు.

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు వచ్చింది

విజయవాడ నుంచి గుంటూరు వైపు వెళ్లేవాళ్లకు మంగళగిరి ఎయిమ్స్ తెలుసు. ఆ ఆసుపత్రి లేచిన స్థలంలో ఒకప్పుడు టీబీ శానిటోరియం (గాలి, విశ్రాంతి, తిండితో క్షయకు వైద్యం చేసే ఆశ్రమంలాంటి ఆసుపత్రి) ఉండేది. రాయలసీమలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం ఇలాంటి వాటిలో పేరు మోసింది. వందేళ్లకు పైబడిన చరిత్ర దానిది.

మందులు లేని కాలంలో శానిటోరియం ముందున్న ప్రశ్న ఒక్కటే. మనిషి బతుకుతాడా? జబ్బు ఉన్న ఊపిరితిత్తికి విశ్రాంతి ఇవ్వాలని ఛాతీలోకి గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసేవారు. కొందరికి పక్కటెముకలు తీసేసేవారు. అలా బతికినవాడికి ఊపిరి ఎంత మిగిలిందన్నది ఎవరూ అడిగే ప్రశ్న కాదు. బతకడమే గొప్ప.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాక లెక్క మారింది. 1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ కేంద్రం మొదలైంది. శానిటోరియంలో మంచం మీద ఉంచి మందులిచ్చిన వాళ్లూ, ఇంట్లోనే ఉండి మందులు వాడిన పేదలూ దాదాపు ఒకేలా కోలుకున్నారని ఆ కేంద్రం 1959లో చూపించింది. ప్రపంచం దాన్ని అనుసరించింది. శానిటోరియాల అవసరం క్రమంగా తీరిపోయింది. కోట్ల ప్రాణాలు నిలిచాయి.

అప్పటి నుంచి 'తగ్గింది' అన్న మాటకు కొలత కళ్లె పరీక్ష అయింది. కళ్లెలో క్రిమి లేకపోతే విజయం. ఆ కొలత సరైనదే. జబ్బు ఇంకొకరికి అంటకుండా ఆపేది అదే. కానీ రోగికి మిగిలిన ఊపిరి ఆ కొలతలోకి రాదు.

ఇప్పుడు బతికి బయటపడుతున్న వాళ్ల సంఖ్య చాలా పెద్దది. 2023లో ప్రపంచంలో సుమారు ఒక కోటి ఎనిమిది లక్షల మందికి టీబీ వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 26 శాతం మన దేశంలోనే. వీళ్లలో అత్యధికులు కోలుకుంటారు. కోలుకున్నాక వాళ్ల ముందు ఇంకా ముప్పై, నలభై ఏళ్ల జీవితం ఉంటుంది. 2019లో వెలువడిన ఒక సమీక్ష, టీబీ తగ్గినవాళ్లలో ఆ తర్వాతి సంవత్సరాల మరణాలు మిగతా జనంతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నాయని లెక్క తేల్చింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బోష్‌లో, టీబీ తర్వాతి ఆరోగ్యం మీద మొదటి అంతర్జాతీయ సమావేశం జరిగింది. 2021లో వైద్య ప్రమాణాలు వెలువడ్డాయి. కోర్సు ముగిసినప్పుడు ప్రతి రోగినీ ఈ నష్టం కోసం పరీక్షించాలన్నది వాటిలో ముఖ్యమైనది.

బరువు పని చేసే ఒళ్లు

ఊపిరి పావు వంతు తగ్గినవాడు కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగంలో ఉంటే రోజులు నెట్టుకురావచ్చు. డెల్టాలో టీబీ ఎక్కువగా పట్టేది ఒళ్లు వంచి పనిచేసే వాళ్లను. ధాన్యం బస్తా బరువు 75 కిలోలు. దాన్ని లారీకి ఎత్తే హమాలీకి, బరువైన బురదలో రోజంతా వంగి నాటేసే కూలీకి, షెడ్డులో రేకులు మోసే మెకానిక్‌కు తగ్గిన ఆ పావు వంతే కూలి డబ్బు. పనిలో వెనకబడితే మేస్త్రీ ఇంకొకరిని పిలుస్తాడు. బయటికి బద్ధకంలా కనిపించేది నిజానికి లీటర్లలో కొలవగలిగే లోటు.

పైగా ఆ పనుల్లోనే ఊపిరితిత్తిని ఇంకా దెబ్బతీసేవి ఉన్నాయి. రైసు మిల్లులో ఊక దుమ్ము. షెడ్డులో వెల్డింగ్ పొగ, పెయింటు ఆవిరి. కోతలయ్యాక కాల్చే గడ్డి పొగ. కట్టెల పొయ్యి. బీడీ. రాతి క్రషర్ల దుమ్ము వీటన్నిటికన్నా ప్రమాదం. రాతిలోని సిలికా రేణువులు కాపలా కణాలనే చంపుతాయి. అందుకే సిలికోసిస్ (రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు టీబీ ముప్పు చాలా ఎక్కువ. టీబీ తగ్గాక తిరిగి అదే దుమ్ములోకి వెళ్తే, మిగిలిన ఊపిరి కూడా వేగంగా తరుగుతుంది.

మళ్లీ అవే మందులా?

ఆయాసంతో, దగ్గుతో మనిషి మళ్లీ ఆసుపత్రికి వస్తాడు. ఎక్స్‌రే తీస్తారు. మచ్చ కనిపిస్తుంది. "ఇంతకు ముందు టీబీ వచ్చింది, ఎక్స్‌రేలో మచ్చ ఉంది, దగ్గుతున్నాడు" అని మళ్లీ ఆరు నెలల మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఈ పొరపాటు మూడు రకాలుగా నష్టం. లేని జబ్బుకు మందులు పడి కాలేయానికి ముప్పు. ఉన్న జబ్బుకు వైద్యం అందదు. ఇంట్లో మళ్లీ వెలి మొదలవుతుంది.

మచ్చ ఎక్స్‌రేలో జీవితాంతం ఉండవచ్చు. అది పాత గాయం గుర్తు. అది ఉన్నంత మాత్రాన క్రిమి ఉన్నట్టు కాదు. పాత ఎక్స్‌రేను కొత్తదాని పక్కన పెట్టి పోల్చాలి. కొత్త మచ్చ ఏదైనా వచ్చిందా అన్నది అప్పుడు తెలుస్తుంది. అందుకే పాత ఎక్స్‌రే ఫిల్ములు, మందుల కార్డు పారేయకుండా దాచాలి.

కళ్లె పరీక్ష తప్పకుండా చేయించాలి. ఇప్పుడు సీబీనాట్, ట్రూనాట్ అనే పరీక్షలు క్రిమి జన్యు పదార్థాన్ని గంటల్లో పట్టేస్తున్నాయి. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ పరీక్షలకు బతికిన క్రిమీ, చచ్చిన క్రిమి ముక్కా ఒకటే. ఇంతకు ముందు టీబీ వచ్చినవాళ్లలో చచ్చిన క్రిముల ఆనవాళ్లకే ఫలితం పాజిటివ్ రావచ్చు. అలాంటప్పుడు కల్చర్ (కళ్లెలోని క్రిమి పెరుగుతుందో లేదో వారాల తరబడి చూసే పరీక్ష) తేలుస్తుంది. బతికిన క్రిమే పెరుగుతుంది.

దగ్గులో నెత్తురు పడితే మాత్రం ఆలస్యం చేయకూడదు. టీబీ తిరగబెట్టి ఉండవచ్చు. సాగిన నాళాల నుంచి కారుతూ ఉండవచ్చు. పాత బొరియలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఉండకట్టి ఉండవచ్చు. మూడింటికీ వైద్యం వేరు.

చేయగలిగినది ఏమిటి

అన్నిటికన్నా మేలైనది నష్టం జరగకముందే ఆపడం. బొరియ పడకముందే మందులు మొదలైతే మచ్చ చిన్నదవుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించమని చెప్పేది ఇందుకే. 2019–21 జాతీయ టీబీ సర్వేలో, లక్షణాలున్న వాళ్లలో 64 శాతం మంది వైద్యానికే వెళ్లలేదని తేలింది. ఆలస్యమైన ప్రతి నెలా ఊపిరితిత్తిలో కొంత చోటు ఖర్చవుతుంది. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవాలి. తిండి కూడా వైద్యమే. టీబీ రోగికి ప్రభుత్వం పోషణ కోసం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1,000 అయింది. గుడ్లు, పప్పులు, పాలకు అది వెళ్లాలి.

కోర్సు ముగిశాక చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి. ఊపిరిని కాపాడే విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. దుమ్ము పనిలో ఉన్నవాళ్లు వీలైతే పని మార్చుకోవాలి, లేకపోతే సరైన మాస్కు, తడి చేసి కోసే పద్ధతి అడగాలి. నాళాల్లో అడ్డం ఉందని ఊదే పరీక్షలో తేలితే, డాక్టరు పీల్చే మందు రాసి చూస్తారు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి కొద్దిగా. అది అలవాటైపోతుందన్న భయం అక్కర్లేదు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరును అడగాలి. దెబ్బతిన్న ఊపిరితిత్తికి చిన్న జలుబు కూడా పెద్ద కష్టమే.

ఇక పల్మనరీ రిహాబిలిటేషన్ (వ్యాయామంతో ఊపిరిని, ఒంటిని బలపరిచే శిక్షణ). ఇది వింటే కొందరికి ఆశ్చర్యం వేస్తుంది. ఆయాసపడే మనిషి విశ్రాంతి తీసుకోవాలి గాని వ్యాయామం ఏమిటని. కానీ జరిగేది చూడండి. ఆయాసం వస్తుందని కదలడం మానేస్తే కాళ్ల కండలు సన్నబడతాయి. బలహీనమైన కండకు అదే పనికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అప్పుడు ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఈ చుట్టును తెంచేది నడక. పోయిన గాలిగదులు తిరిగి రావు. ఉన్న గాలితో ఎక్కువ దూరం నడిచే శక్తి మాత్రం వస్తుంది.

ఇంట్లో చేసుకోగలిగినది కూడా ఉంది. రోజూ చదునైన చోట, మాట్లాడగలిగేంత వేగంతో నడవాలి. వారం వారం కొంచెం పెంచాలి. మెట్లెక్కేటప్పుడు ముక్కుతో పీల్చి, ఈల వేసేటప్పటిలా పెదాలు సున్నా చుట్టి, పీల్చిన దానికి రెండింతల సేపు మెల్లగా వదలాలి. ఇలా వదిలితే సన్న నాళాలు ముందే మూసుకుపోకుండా లోపలి గాలి బయటికి వస్తుంది. కళ్లె ఎక్కువ ఉన్నవాళ్లకు దాన్ని బయటికి తెచ్చే పద్ధతులు ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలబడినా, కాళ్లు వాచినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఊపిరితిత్తి భారం గుండె మీద పడుతోందనడానికి అవి గుర్తులు.

కార్డు మీద ఇంకొక గడి

జాతీయ టీబీ కార్యక్రమం నియమాల ప్రకారం, మందులు ముగిశాక రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి రోగిని పలకరించాలి. జబ్బు తిరగబెట్టిందా అన్నది చూడడానికి ఈ ఏర్పాటు. ఆశా కార్యకర్త గడప దాకా వెళ్లే దారి ఇప్పటికే ఉంది. ఆ దారిలోనే ఇంకో ప్రశ్న కూడా వెళ్లాలి. ఆయాసం ఉందా, ఎంత దూరం నడిస్తే వస్తుంది? ఉందన్న వాళ్లను ఊదే పరీక్షకు పంపాలి. బోధనాసుపత్రుల ఛాతీ విభాగాల్లో చేసే ఈ పరీక్ష మచిలీపట్నం, అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి వచ్చే కూలీకి ఒక రోజు కూలి, బస్సు ఛార్జీ ఖర్చు. పరికరం చిన్నది, చేత్తో మోసుకెళ్లగలిగినది. అదే ఊరి దగ్గరికి వస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

కొండ మెట్ల మీద ఆగిన మన మనిషి దగ్గరికి తిరిగి వెళ్దాం. అతనికి కళ్లె పరీక్ష చేశారు, క్రిమి లేదు. ఊదించారు, నాళాల్లో అడ్డం ఉందని తేలింది. పీల్చే మందు రాశారు, నడక నేర్పారు, షెడ్డులో పెయింటు వైపు వెళ్లొద్దన్నారు. మునుపటి ఊపిరి అంతా తిరిగి రాలేదు. కానీ భార్యాపిల్లలకు అతని పక్కన కూర్చుని అన్నం తినడానికి భయం పోయింది. తనకేం జరిగిందో అతనికి తెలిసింది. రెండుచోట్ల ఆగేవాడు ఒకచోట ఆగి ఇల్లు చేరుతున్నాడు.

ఇది ఊహించిన మనిషి కథే. కానీ ఇందులో ఖరీదైనదీ, కొత్తగా కనిపెట్టాల్సినదీ ఏదీ లేదు. టీబీ మందుల కార్డు మీద బరువు రాస్తారు, కళ్లె ఫలితం రాస్తారు. కోర్సు ముగిసిన రోజున ఊపిరి ఎంత మిగిలిందో రాయడానికి దాని మీద ఇంకొక గడి కావాలి. మీ ఇంట్లో ఎవరి కోర్సయినా ఈ నెలలో ముగుస్తుంటే, క్రిమి పోయిందా అని అడిగాక ఆ రెండో ప్రశ్న కూడా అడిగి రండి.